చిగుళ్ళ వ్యాధికి, గుండెపోటుకు గల సంబంధం

ఉదయం పళ్ళు తోముకొని ఉమ్మినప్పుడు నీటిలో ఎర్రని చార కనబడితే చాలామంది దానిని లెక్కచేయరు. చేతి వేలి నుండి రోజూ నెత్తురు వస్తూ ఉంటే ఎవరూ ఊరకుండరు. చిగురు నుండి వస్తే మాత్రం బ్రష్షు గట్టిదనో, వయసు మీద పడుతున్నదనో సరిపెట్టుకుంటారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న చిగురు తోముకున్నంత మాత్రాన నెత్తురు కార్చదు. ఆ చార ఒక వ్యాధికి తొలి గుర్తు.

ఈ వ్యాధి నోటితోనే ఆగిపోదని, గుండెపోటుకు కూడా దారితీస్తుందని కొన్నేళ్ళుగా ప్రచారం జరుగుతున్నది. పళ్ళు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని చెప్పేవారు ఉన్నారు. పంటికి, గుండెకు ఏమి సంబంధమని కొట్టిపారవేసేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలూ సరికావు. శాస్త్రం ఇంతవరకు తేల్చినదేమిటో, తేల్చనిదేమిటో, ఈ లోపల గృహస్థులు చేయవలసినదేమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

చిగురులో జరిగేది

పళ్ళమీద గంట గంటకూ పేరుకునే మెత్తని, జిగటైన పొరను పాచి అంటారు. అది అన్నపు మెతుకుల అవశేషం కాదు. కోట్లాది సూక్ష్మజీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని కట్టుకున్న గూడు. దానిని రోజూ తొలగించకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి గట్టిపడుతుంది. అలా గట్టిపడినదే గార. పాచిని బ్రష్షుతో తీయవచ్చును. గారను దంతవైద్యుని పరికరంతో తప్ప తీయలేము.

పాచికి, చిగుళ్ళవాపుకు గల సంబంధాన్ని 1965లో డెన్మార్కులోని ఆర్హూస్ నగరంలో ఒక చిన్న ప్రయోగం తేల్చి చెప్పింది. ఆరోగ్యమైన చిగుళ్ళు గల 12 మంది, వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులు, పళ్ళు తోముకోవడం మానివేశారు. 10 నుండి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టిన వారం పది రోజులలో చిగుళ్ళు మునుపటివలె అయినాయి. ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమవుతుందన్నది అందులోని ముఖ్యమైన పాఠం.

ఈ దశ దాటితే కథ మారుతుంది. పంటికి, చిగురుకు మధ్య 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు గల సన్నని సందు అందరికీ ఉంటుంది. వాపు నిలిచిపోతే ఆ సందు లోతుగా చీలి సంచివలె తయారవుతుంది. అందులో గాలి సోకని చోట పెరిగే సూక్ష్మజీవులు చేరతాయి. వాటిని ఎదుర్కొనేందుకు శరీరం పంపే రక్షక కణాల పోరులోనే పంటిని పట్టి ఉంచే నారలు, దవడ ఎముక కరిగిపోతాయి. చిగురు కిందికి జారుతుంది, పళ్ళు పొడవుగా కనబడతాయి, నోరు వాసన వేస్తుంది, చివరకు పన్ను కదులుతుంది. దీనినే పూర్వం పయోరియా అనేవారు. ఇందులో నొప్పి అరుదు. అందువలననే రోగి ఆలస్యంగా మేలుకుంటాడు. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చికిత్స ప్రధానంగా ఉన్నదానిని నిలుపుతుంది.

అందరిలోనూ ఈ వ్యాధి ఒకే తీరుగా ముదరదు. శ్రీలంక తేయాకు తోటలలో పనిచేసే 480 మంది పురుషులను 1970 నుండి 15 సంవత్సరాలపాటు పరిశీలించారు. వారికి దంతధావనం అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. అయినా వారిలో సుమారు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరింది, 81 శాతం మందికి మెల్లగా పెరిగింది, 11 శాతం మందిలో చిగుళ్ళవాపును దాటి పోలేదు. పాచి లేనిదే వ్యాధి లేదు గాని, దాని తీవ్రత ఒక్కొక్కరి దేహతత్త్వాన్ని బట్టి, అలవాట్లను బట్టి ఉంటుంది. మా తాత ఏనాడూ బ్రష్షు పట్టలేదు, ఆయన పళ్ళు ఉక్కువలె ఉండేవి అనే వాదానికి సమాధానం ఇందులోనే ఉన్నది. ఆ తాత 11 మందిలో ఒకడు కావచ్చును. మనుమడు కూడా ఆ కోవలోనే ఉంటాడని నమ్మకం లేదు.

గుండెలో జరిగేది

గుండె కండరానికి నెత్తురునందించే ధమనుల లోపలి పొర కింద ఏళ్ళ తరబడి కొవ్వు చేరుతుంది. దానిని తొలగించబోయి రక్షక కణాలు అక్కడనే చిక్కుకుంటాయి. అలా గోడలో ఒక బుడిపె ఏర్పడుతుంది. ఈ బుడిపె మెల్లగా పెరిగి దారిని ఇరుకు చేస్తే నడిచినప్పుడు ఛాతీనొప్పి వస్తుంది. దానిపై కప్పు పలుచబడి హఠాత్తుగా పగిలితే ఆ చోట నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోటులలో అధికభాగం ఇలా సంభవించేవే.

కప్పు ఎందుకు పలుచబడుతుంది? అక్కడి తాపం, అనగా రక్షక కణాల అలజడి, దానికి ప్రధాన కారణం. 2017లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్ష దీనిని నిరూపించింది. అంతకుముందు ఒకసారి గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులను అందులో చేర్చుకొని, కొందరికి కొలెస్టరాల్‌ను ఏమాత్రం తగ్గించక తాపాన్ని మాత్రమే అణచే మందును ఇచ్చారు. మధ్యస్థ మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణం కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. ఆ మందు అంటురోగాలకు లోను చేసే గుణం కలది కనుక సాధారణ చికిత్సలోకి రాలేదు. అయినా శరీరంలో ఎక్కడో రగిలే తాపం గుండె ధమనులకు చెరుపు చేయగలదన్న ఆలోచనకు అది బలమిచ్చింది.

రెంటికీ మధ్య దారులు

చిగురు నుండి గుండెకు చేరే దారులు రెండు కనబడుతున్నాయి.

మొదటిది సూక్ష్మజీవుల ప్రయాణం. ముదిరిన వ్యాధిలో చిగుళ్ళ సంచుల లోపలి పొర పుండై ఉంటుంది. నోటిలోని అలాంటి భాగమంతా కలిపితే ఒక అంచనా ప్రకారం 8 నుండి 20 చదరపు సెంటీమీటర్లు, అంటే రమారమి అగ్గిపెట్టె ముఖమంత. నమిలినప్పుడు, తోమినప్పుడు ఆ పుండు ద్వారా సూక్ష్మజీవులు నెత్తురులోకి ప్రవేశిస్తాయి. చిగుళ్ళ వ్యాధికి కారకమైన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి వాటి జాడలు ధమనుల బుడిపెలలో కూడా దొరికాయి. అయితే జాడ దొరకడం వేరు, ఆ బుడిపెను అదే కలిగించిందనడం వేరు.

రెండవది తాపపు దారి. చిగురులోని నిరంతర పోరు వలన పుట్టే రసాయనాలు నెత్తురులో కలిసి కాలేయాన్ని ప్రేరేపిస్తాయి. కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్ అనే పదార్థాన్ని అధికంగా విడుదల చేస్తుంది. శరీరంలో తాపం ఎంత ఉన్నదో తెలిపే కొలమానం అది. చిగుళ్ళ వ్యాధి ముదిరినవారిలో దాని మోతాదు ఎక్కువగా ఉండడం, చికిత్స తరువాత కొంత తగ్గడం అనేక పరిశీలనలలో కనబడింది.

పరిశోధనలు చెప్పినవి

ఈ విషయంపై తొలిసారి వైద్యలోకం దృష్టిని మళ్ళించినది 1989లో ఫిన్లండ్ వైద్యులు ప్రకటించిన పరిశోధన. అప్పుడే గుండెపోటు వచ్చిన 100 మంది నోటిని, సామాన్య ప్రజలలో నుండి ఎన్నుకున్న 102 మంది నోటిని పోల్చి చూడగా రోగుల పళ్ళ స్థితి అధ్వాన్నంగా కనబడింది. 1993లో అమెరికాలో 9,760 మందిని గురించిన పరిశీలన వెలువడింది. ముదిరిన చిగుళ్ళ వ్యాధి గలవారికి గుండె ధమనుల జబ్బు వచ్చే అవకాశం, లేనివారికంటే సుమారు 25 శాతం ఎక్కువని అందులో తేలింది.

2016లో స్వీడన్ నుండి వచ్చిన పరిశోధన ఇంకా జాగ్రత్తగా చేసినది. 75 సంవత్సరాల లోపు వయసులో మొదటిసారి గుండెపోటు వచ్చిన 805 మందిని తీసుకొని, అదే వయసు, అదే లింగం, అదే ప్రాంతం గల మరి 805 మందితో పోల్చారు. ఎక్సరే చిత్రాలతో దవడ ఎముకను కొలిచారు. రోగులలో 43 శాతం మందికి, ఆరోగ్యవంతులలో 33 శాతం మందికి చిగుళ్ళ వ్యాధి కనబడింది. ధూమపానం, మధుమేహం, చదువు మొదలైన తేడాలను లెక్కలో సరిచేసిన తరువాత కూడా 28 శాతం అధిక అవకాశం మిగిలింది.

ఈ అంకెలను చదివేటప్పుడు తొందరపడరాదు. గుండెపోటు వచ్చిన ప్రతి 100 మందిలో 57 మందికి చిగుళ్ళ వ్యాధి లేనేలేదు. గుండెపోటు రాని 100 మందిలో 33 మందికి అది ఉన్నది. చిగుళ్ళ వ్యాధి గుండెపోటుకు జోస్యం కాదు. అవకాశాన్ని కొంత పెంచేవాటిలో ఒకటి కావచ్చునని మాత్రమే దీని అర్థం.

చికిత్స ఫలితాన్ని పరీక్షించినది 2007 నాటి పరిశోధన. ముదిరిన వ్యాధి గల 120 మందిలో కొందరికి చిగురు లోతుల వరకు గట్టి చికిత్స, కొందరికి పైపై శుభ్రత చేశారు. గట్టి చికిత్స చేసిన మరునాడు తాపం పెరిగి, రక్తనాళాల సాగేగుణం తగ్గింది. ఆరు నెలల తరువాత మాత్రం వారి నాళాలే మెరుగైన స్థితిలో ఉన్నాయి. నాళాల పనితీరు మెరుగుపడినదన్నది ఋజువు. గుండెపోటులు తగ్గినాయనడానికి అది చాలదు.

ఇంకా తేలనిది

2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నిటినీ వడపోసి ఒక నివేదిక ప్రకటించింది. ఇతర కారణాలను తీసివేసి చూసినా రెండు వ్యాధులకూ సంబంధం కనబడుతున్నదని, అయితే చిగుళ్ళ వ్యాధియే గుండెజబ్బును కలిగిస్తుందనడానికి, చిగుళ్ళ చికిత్స గుండెజబ్బును నివారిస్తుందనడానికి ఆధారం లేదని అందులో చెప్పారు.

ఇంతటి సంకోచానికి కారణం ఉన్నది. పొగ త్రాగేవారికి చిగుళ్ళు చెడతాయి, గుండె కూడా చెడుతుంది. మధుమేహం, పేదరికం, వయసు కూడా అంతే. ఒకే కారణం రెండు వ్యాధులనూ కలిగిస్తే అవి జంటగా కనబడతాయి. జంటగా కనబడినంతనే ఒకటి మరొకదానికి తల్లి కాదు. దీనిని తేల్చాలంటే వేలాదిమంది రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఏళ్ళ తరబడి చికిత్స ఆపి చూడాలి. తెలిసి తెలిసి చికిత్స ఆపడం వైద్యధర్మం కాదు.

తేలకముందే తొందరపడిన అనుభవం చరిత్రలో ఉన్నది. 20వ శతాబ్దం తొలి దశకాలలో నోటిలోని చీము కీళ్ళవాతం మొదలు మతిభ్రమణం వరకు సకల రోగాలకూ మూలమన్న సిద్ధాంతం బ్రిటన్, అమెరికాలలో ప్రబలింది. విలియం హంటర్ అనే ఆంగ్ల వైద్యుడు 1910లో కెనడాలో చేసిన ప్రసంగం దానికి ఊతమిచ్చింది. ఫలితంగా అసంఖ్యాకుల నోళ్ళ నుండి బాగున్న పళ్ళు సైతం ఊడబెరికారు. రోగాలు మాత్రం తగ్గలేదు. మన కాలంలోనూ ఇటువంటి పాఠమే మరొకటి ఉన్నది. శ్వాసకోశంలో చేరే వేరొక సూక్ష్మజీవి గుండెజబ్బుకు కారణమేమోనన్న అనుమానంతో 4,000 మందికి పైగా హృద్రోగులపై అజిత్రోమైసిన్ మందును ఏడాదిపాటు వారానికొకసారి ఇచ్చి పరీక్షించారు. 2005లో ఫలితం వెలువడింది. గుండెపోటులు తగ్గలేదు. కనుక గుండెకు మేలని పళ్ళు తీయించుకోవడం, యాంటీబయాటిక్ మాత్రలు మింగడం రెండూ తప్పు.

పొగాకు, మధుమేహం

52 దేశాలలో జరిపి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ పరిశోధన గుండెపోటులలో అత్యధిక భాగానికి తొమ్మిది అంశాలతో సంబంధం ఉన్నదని చూపింది. పొగాకు, చెడు కొవ్వు, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువగా తినడం, వ్యాయామలోపం, మద్యం వాడకం అనేవి అందులో లెక్కకు వచ్చినవి. ఆ పరిశోధనలోనే మరొక సంగతి బయటపడింది. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చే నడిమి వయసు 53 సంవత్సరాలు. ఇతరులకు సుమారు 59. ఇంటి బరువు మోసే వయసులోనే మనవారు పడిపోతున్నారని దీని అర్థం.

ఆ తొమ్మిదింటిలో చిగుళ్ళను కూడా నేరుగా చెరిపేవి పొగాకు, మధుమేహం. మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట ముఖ్యం. సోలాపూర్ వంటి చోట్ల మగ్గంతోపాటు బీడీ చుట్టడం కూడా తెలుగు స్త్రీలకు జీవనాధారమైనది. కాల్చి పొడిచేసిన పొగాకును, అంటే మిశ్రీని, ఉదయం పళ్ళకు రాసుకునే అలవాటు ఈ రాష్ట్రంలో పాతది. ఒడిశాలోని తెలుగువారి ఇరుగుపొరుగున గుడాఖు అదే పని చేస్తున్నది. పళ్ళపొడి, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. పంటినొప్పికి ఉపశమనమని మొదలైన అలవాటు వ్యసనంగా మిగిలిపోతుంది.

ఇందులో ఒక మోసం కూడా ఉన్నది. పొగ త్రాగేవారి చిగుళ్ళలో రక్తనాళాలు కుంచించుకుపోయి నెత్తురు తక్కువగా కారుతుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి గుర్తు కనబడదు. పొగాకు మానిన కొద్ది వారాలకు చిగుళ్ళ నుండి నెత్తురు కనబడితే అది మానినందువలన వచ్చిన కీడు కాదు. దాగి ఉన్న వ్యాధి బయటపడడమే.

మధుమేహానికి, చిగుళ్ళ వ్యాధికి రెండువైపులా రాకపోకలున్నాయి. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి. చిగుళ్ళు చెడితే చక్కెర అదుపు కష్టమవుతుంది. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలలలో మూడునెలల సగటు చక్కెర కొలత, అనగా హెచ్‌బి‌ఎ1సి, సుమారు 0.4 శాతం మేర తగ్గుతుందని అనేక పరీక్షలను కలిపి చూసినప్పుడు తేలింది. గుండె విషయంలో ఇంకా తేలని మేలు మధుమేహం విషయంలో తేలింది. మధుమేహం అదుపులో ఉండడం గుండెకు కూడా రక్షణయే.

హృద్రోగులు తెలుసుకోవలసినవి

గుండెజబ్బు ఉన్నవారు దంతచికిత్సకు భయపడవలసిన పని లేదు. ప్రపంచ హృదయ సమాఖ్య, ఐరోపా చిగుళ్ళ వైద్య సమాఖ్య కలిసి 2020లో ప్రకటించిన అభిప్రాయం కూడా ఇదే. అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం.

స్టెంటు వేయించుకున్నవారు, గుండెపోటు వచ్చినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడుతుంటారు. పన్ను తీయించుకుంటే నెత్తురు ఆగదన్న భయంతో వాటిని తమంతట తాము మానివేసేవారున్నారు. ఇది ప్రాణాపాయం. పన్ను తీసిన చోట నెత్తురును దూది నొక్కి, కుట్టు వేసి ఆపవచ్చును. స్టెంటులో గడ్డకట్టిన నెత్తురును ఆపడం అంత సులువు కాదు. గుండెవైద్యుని మాట లేనిదే ఒక్క మాత్ర కూడా మానరాదు. ఇటీవలనే గుండెపోటు వచ్చినవారు అత్యవసరం కాని దంతచికిత్సను ఎప్పుడు చేయించుకోవాలో ఆయననే అడగాలి.

రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ మందులు కొందరిలో చిగుళ్ళను ఉబ్బించి పళ్ళమీదికి పెంచుతాయి. అప్పుడు కూడా మందు మానక, వైద్యునికి చూపి మార్పించుకోవాలి.

కృత్రిమ కవాటం అమర్చినవారికి, గతంలో గుండె లోపలి పొరకు చీము పట్టినవారికి, కొన్ని పుట్టుజబ్బులు గలవారికి నియమం వేరు. నోటి సూక్ష్మజీవులు నెత్తురు ద్వారా చేరి కవాటాన్ని చెడగొట్టడం అనుమానం కాదు, నిరూపితమైన సంగతి. పన్ను తీసే ముందు వారికి యాంటీబయాటిక్ ఇవ్వవలసి ఉంటుంది. తమ జబ్బు వివరం దంతవైద్యునికి ముందే చెప్పాలి.

దవడనొప్పి అన్నీ పంటినొప్పులు కావు

గుండెకు నెత్తురు చాలనప్పుడు పుట్టే నొప్పి కొందరిలో ఛాతీలో కాక కింది దవడలో, మెడలో, ఎడమ చేతిలో తెలుస్తుంది. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహరోగులలో ఛాతీనొప్పి స్పష్టంగా లేకపోవచ్చును. పంటినొప్పి సాధారణంగా ఒకే చోట పొడుస్తుంది, వేడి చల్లని పదార్థాలకు, కొరికినప్పుడు పెరుగుతుంది. మెట్లెక్కినప్పుడు దవడ బిగపట్టి, కూర్చుంటే తగ్గే నొప్పి గుండెది కావచ్చును. దానికి వెంటనే గుండె పరీక్ష చేయించుకోవాలి. దవడనొప్పితోపాటు చెమట, ఆయాసం, వాంతి, ఛాతీలో బరువు ఉంటే లవంగనూనె రాస్తూ, నొప్పిమాత్ర మింగుతూ కాలయాపన చేయరాదు. 108కి ఫోన్ చేయాలి. ప్రతి నిమిషానికీ గుండె కండరం నశిస్తూ ఉంటుంది. మరాఠీ అంతగా రాని పెద్దలు ఛాతీత్ దుఖ్తే అన్న రెండు మాటలు గుర్తుంచుకున్నా చాలును. ఛాతీలో నొప్పిగా ఉన్నదని వాటి అర్థం. చిగుళ్ళను ఆ భాషలో హిరడ్యా అంటారు.

నిత్యం చేయవలసినవి

ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఫ్లోరైడ్ గల పేస్టుతో, మెత్తని బ్రష్షుతో రెండు నిమిషాలపాటు తోముకోవాలి. బ్రష్షును పంటికి, చిగురుకు కలిసే గీతపై ఏటవాలుగా ఆనించి మెల్లగా కదపాలి. నెత్తురు వస్తున్నదని ఆ చోటును వదిలివేయరాదు. శుభ్రత కావలసినది అక్కడనే. పళ్ళ సందులను దారంతో గాని, సందు బ్రష్షుతో గాని శుభ్రపరచాలి. వేప, తుమ్మ పుల్లలు మెత్తగా నమిలి వాడితే పంటి పైభాగానికి పనికివస్తాయి గాని సందులలోకి చేరవు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు పంటిని అరగదీస్తాయి. ఉప్పునీటి పుక్కిలింత హాయినిస్తుంది, గారను కరిగించదు.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. ఎముక కరిగిన పళ్ళను గార గోడవలె పట్టి ఉంచుతుంది. అది తొలగగానే అప్పటికే ఉన్న కదలిక, సందులు బయటపడతాయి. కొద్దిరోజులు పళ్ళు జివ్వుమనడం సహజం. చిగురు బిగుసుకున్న తరువాత అది తగ్గుతుంది. రెండు వారాలు సరిగా తోముకున్నా నెత్తురు ఆగనివారు, పన్ను కదులుతున్నవారు, మధుమేహం ఉన్నవారు దంతవైద్యుని చూడాలి. అదే రోజున రక్తపోటు, చక్కెర కూడా కొలిపించుకోవడం మేలు.

గుండెను కాపాడుకోవడానికి ముందుగా పొగాకు మానాలి, రక్తపోటును, చక్కెరను, కొవ్వును అదుపులో ఉంచుకోవాలి, నడవాలి. చిగుళ్ళ సంరక్షణ వీటికి బదులు కాదు, వీటితోపాటు చేయవలసినది. గుండె విషయంలో దాని మేలు రేపు ఎంతగా తేలినా, పళ్ళు నిలుస్తాయి, నమిలి తినే శక్తి నిలుస్తుంది, మధుమేహం అదుపునకు తోడ్పడుతుంది. ఇవి ఈనాటికే తేలిన లాభాలు.

పునశ్చరణ ప్రశ్నలు

1. పాచికి, గారకు గల భేదమేమి? వానిలో ఇంటివద్ద తొలగించగలిగినది ఏది?

2. రెండు వ్యాధులు జంటగా కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని ఎందుకు చెప్పలేము? పొగాకును ఉదాహరణగా తీసుకొని వివరించండి.

3. పన్ను తీయించుకునే ముందు స్టెంటు గల రోగి ఆస్పిరిన్ తనంతట తాను మానితే కలిగే అపాయమేమి?

4. ఇంటిలోని పెద్దలకు దవడనొప్పి వస్తే అది పంటిదో, గుండెదో అనుమానించేందుకు ఏయే సంగతులు అడిగి తెలుసుకోవాలి?